ఏడు ఒకట్లు

ఎండిన మిరపకాయల్లో గింజలు గలగలమంటున్నాయి.

గోడ నిండా ఎర్రటి దండలు. తిసా నది మీంచి గాలి వీచినప్పుడల్లా ఆ చప్పుడు… వచ్చి, ఆగుతుంది.

ఎటెల్కా వరండాలో కూర్చుంది. ఒళ్లో గళ్ల కాగితం. కాగితం మీద ఏడు ఒకట్లు.

1111111.

పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు.

ఇది ప్రధాన సంఖ్యేనా? ఒకటికీ, తనకీ తప్ప ఇంకెవరికీ లొంగనిదేనా? విద్యార్థుల గణిత మాసపత్రిక అడిగింది. జవాబు మీద పదో తేదీలోగా పోస్టు ముద్ర పడాలి. ఇవాళే పదో తేదీ. పోస్టాఫీసు ఐదింటికి మూసేస్తారు.

అన్ని లెక్కలూ సాధించినవాళ్ల ఫొటోలు ఏడాది చివర ఒక పేజీలో వేస్తారు. ఎటెల్కాకి బడిలో ఇదే ఆఖరి ఏడాది. ఈ లెక్క తప్పితే ఆ పేజీలో ఆమె ముఖం ఉండదు.

జవాబు సిద్ధంగానే ఉంది. నాలుగు పేజీలు, మూడు వారాల పని. వెయ్యీ యాభై నాలుగు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూసింది. దాని వర్గమూలం అంతే, ఆపైన చూడనక్కర్లేదు. దేనికీ లొంగలేదు.

"అతికించవే ఆ కవరు" అంది బోరిష్ అమ్మమ్మ, దారానికి మిరపకాయ గుచ్చుతూ. "ఏడు ఒకట్లకి మూడు వారాలా? నేను పొద్దుట్నించీ ఏడు దండలు కట్టాను."

"నీ దండల్ని భాగించక్కర్లేదు కదా అమ్మమ్మా."

"ఎందుకక్కర్లేదూ? సగం మీ పిన్ని పట్టుకుపోతుంది."

ఎటెల్కా నవ్వింది. నవ్వుతూ, ఊరికే, ఐదు ఒకట్లు రాసింది.

11111. అది విడిపోతుందని ఆమెకి తెలుసు — 41, 271.

ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసేస్తే… నలభై. రెండు వందల డెబ్బై.

రెండూ ఐదుకి గుణిజాలే.

ఐదు ఒకట్లకి ఐదు. మరి ఏడు ఒకట్లకి?

ఏడుకి గుణిజం, దానికి పైన ఒకటి. 29… కాదు. 43… కాదు. 71… కాదు. అలా వెళ్తూ, వెళ్తూ —

239.

అది ఆమె జాబితాలోనే లేదు.

జల్లెడ కాగితం తీసింది. గళ్లలో వరసగా సంఖ్యలు రాసి, గుణిజాలను కొట్టేస్తూ పోతే మిగిలేవే ప్రధాన సంఖ్యలు. ఏడుకి గుణిజాలను కొట్టేటప్పుడు ఒక్కచోట, 238 దగ్గర, పెన్ను పక్క గడిలో పడింది.

తన చేతి గీతే. నిటారుగా, నమ్మకంగా ఉంది.

భాగించింది. 4649. శేషం లేదు.

అందులోంచి ఒకటి తీసి ఏడుతో భాగించింది. అదీ శేషం లేకుండా పోయింది.

నాలుగు పేజీలూ చింపేసింది.

"అదేంటే, అంత కష్టపడి రాసి!"

"తప్పు, అమ్మమ్మా."

"నిన్న ఒప్పేనన్నావుగా?"

"నిన్న చూడలేదు."

కొత్త కాగితం మీద ఒకే వరస. 239 × 4649 = 1111111.

ఫొటోకి అంతే చాలు.

చెయ్యి ఆగలేదు. 'ఐదుకి ఐదు, ఏడుకి ఏడు. ఎందుకో నాకు తెలియదు' అని కింద రాసింది. ఎవరూ అడగని మాట. నవ్వుతారేమో… కొట్టేయబోయింది.

కొట్టేయలేదు.

ఐదింటికి ఇంకా రెండు నిమిషాలుండగా కవరు మీద ముద్ర పడింది.

తిరిగొచ్చే దారిలో పాప్లర్ చెట్లు. సన్నగా, నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి. గాలికి ఎండుటాకులు గలగలమంటున్నాయి.

నడుస్తూ లెక్కపెట్టింది. ఎనిమిది… తొమ్మిది… పది…

పదకొండో చెట్టు దగ్గర ఆగిపోయింది.

పదకొండు ఒకట్లు —