వదిన పేరు ఎదుట మూడు ఆలస్యాలు

వదిన ఉద్యోగం మంగళవారం పొద్దున పోయింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో పదకొండేళ్లు ఇస్త్రీ చేసిన మనిషి, మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఆవిరి మధ్య నుంచి నడిచి వెళ్లిపోయింది. ఆ కార్డు తీయించింది ఆడపడుచే.

నెల క్రితం వరకు ఇద్దరూ ఒకే దుప్పటికి చెరో కొస పట్టుకుని మడత పెట్టేవారు. ఆడపడుచుకు పని నేర్పిందీ, ఇక్కడ చేర్పించిందీ వదినే. చేతివేగం చూసి ఆడపడుచును సూపర్‌వైజర్‌ని చేశారు. మనుషుల్ని ఎలా నడపాలో ఎవరైనా చెబుతారా అని అడిగితే మేనేజరు నవ్వాడు.

"ఇన్నేళ్లు పనిచేసినదానివి, నీకొకరు నేర్పాలా అమ్మా? శిక్షణ వచ్చే నెల ఉందిలే. ఎవరు ఆలస్యంగా వచ్చినా ఈ పుస్తకంలో రాయి, చాలు."

వదిన మూడుసార్లు ఆలస్యంగా వచ్చింది. అత్తగారికి కాలిపుండు కట్టు మార్పించి వచ్చేది. ఆ అత్తగారు ఆడపడుచు కన్నతల్లే. సంగతి ఆమెకు తెలియనిది కాదు. కానీ మొదటి రోజే మడతల బల్ల దగ్గర ఎవరో, ఇక వదినగారికి పట్టపగ్గాలుండవన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. అందరికంటే ముందు వదిన పేరే రాసింది, కారణం రాయకుండా. మూడోసారి పేరు పడితే కాగితం పైకి పోతుందని, అక్కడ మనిషిని తీసేస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

వదిన కార్డు తీసి పెట్టగానే ఆడపడుచు మేనేజరు గదికి పరుగెత్తి తల్లి సంగతి చెప్పింది. ఆ ముక్క అప్పుడే రాయాల్సిందన్నాడు. ఇక తన చేతుల్లో లేదన్నాడు.

గేటు దగ్గర వదిన ఆగింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే భరించడం కష్టమైంది.

"నువ్వు రాస్తుంటే చూశానే. పోనీలే, కొత్త పెత్తనం, నలుగురి కోసం రాస్తున్నావనుకున్నా. ఒక్కసారి పక్కకు పిలిచి అడుగుతావనుకున్నా. నోరు లేదా నీకు?"



శిక్షణ చెప్పిన నెలలోనే జరిగింది. చల్లని గది, మెత్తని కుర్చీలు, మధ్యలో టీ. ఎవరి మీదైనా కాగితం పెట్టే ముందు ఆ మనిషితో మాట్లాడాలన్నది మొదటి పాఠం. పక్కవాళ్లు రాసుకున్నారు. ఆడపడుచు కూడా రాసుకుంది.

తల్లికి కట్టు ఇప్పటికీ వదినే మార్పిస్తోంది. అన్నయ్య ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె ఇంకా వదినతో మాట్లాడలేదు.