లోపలి గుబ్బ

కార్డు వచ్చేసరికి దేవరాజులు తెరిచిన వీధి తలుపు పక్కన గొంతుక్కూర్చుని, వదులైన ఇత్తడి గుబ్బ మర విప్పుతున్నాడు. చంద్రకాంత కార్డు చదువుకుని నిలుచున్నచోటే గిర్రున తిరిగింది. 'ఇద్దరూ రండి. నువ్వు నాటిన నీలం మామిడి చెట్టు కాపుకొచ్చింది. నాయన.'

మేనమామను కాదని, కాలేజీలో తనతో చదివిన దేవరాజులును చేసుకుని తిరుపతిలో కాపురం పెట్టి నెల. ఆ నెలంతా ఆమెకున్న బెంగ నాయన కోపం ఒక్కటే. మిగతావన్నీ సంతోషాలే, ఈ గుబ్బతో సహా. గడియ లేని ఆ తలుపుకు గుబ్బే గతి. రోజుకోసారి ఎవరో ఒకరి చేతిలోకి ఊడొచ్చేది. పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్లు.

లోపలి గుబ్బను ఊడదీసి ఆమె చేతిలో పెడుతూ అడిగాడు దేవరాజులు: "మీ నాయనకు సదువు రాదంటివే. ఎవురు రాసినారు దీన్ని?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఏ ఉత్తరమైనా చదివేదీ రాసేదీ ఆ మేనమామ మునికృష్ణే. పదిరోజుల కిందట సంబరంగా నాయనకు ఉత్తరం రాస్తూ, ఇంటి గుర్తులన్నీ మామ చేతికే ఇచ్చింది.

సందు మొగలో మామ కనిపించాడు. చేతిలో కొమ్మలు నరికే కొడవలి. చంద్రకాంత తలుపు ధడాలున మూసింది.

"నాకని పెట్టిన పిల్లవే నువ్వు. తలుపు తియ్యి. వాణ్ణి నరికి నిన్ను తీసకపోతా."

మునికృష్ణ బయటి గుబ్బ పట్టి గుంజాడు. లోపల పట్టేది లేక, కడ్డీతో సహా ఊడి అతని చేతికొచ్చింది. తలుపు మాత్రం బిగిసే ఉంది. మెట్ల మీద వెల్లకిలా పడ్డవాడు లేచి చెక్కను నరకడం మొదలుపెట్టాడు. మూడో వేటుకు కొడవలి మొన లోపలికి దిగి, భుజంతో తలుపు ఆపుతున్న దేవరాజులు మోచేతిని చీల్చింది. రక్తం గోడ మీద చిమ్మింది. మరో రెండు వేట్లకు వెడల్పైన చెక్క చీలికలోంచి మామ చేయి దూరి, లోపలి గుబ్బ కోసం తడిమింది.

పలక మీద ఆమె వేళ్లు పట్టి అక్షరాలు దిద్దించిన చేయి అది. చంద్రకాంత పిడికిట్లోని గుబ్బతో దాన్ని బలంగా కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. ఆ చేయి ఇంకా తడుముతూనే ఉంది. మళ్లీ కొట్టింది. అరుపు సందంతా వినబడింది. జనం వచ్చి మామను తాళ్లతో కట్టేదాకా కొడుతూనే ఉంది.

ఇంటి యజమానురాలు శకుంతలమ్మ మెట్ల కింద పడ్డ కడ్డీ తెచ్చి, రంధ్రంలో పెట్టి తిప్పి తలుపు తీసింది.

భర్త చేతికి కొంగు చించి కట్టు కట్టాక చంద్రకాంత కార్డును మరోసారి చదివింది. ఆ చెట్టు తను నాటిందని నాయనకూ తనకూ తప్ప ఎవరికీ తెలియదు. రాసింది మామే అయినా పిలిచింది నాయనే. రక్తం అంటిన ముఖంతోనే నవ్వింది.

"రేప్పొద్దున మొదటి బస్సుకే మా ఊరు బంగారుపాళ్యానికి పోదాం. మామ సంగతి నాయనకు నా నోటితోనే సెప్పాల."