సింహాచలమ్మ చాప

అరవై నాలుగో సంవత్సరం నాటి మాట. రాష్ట్రం దాటి రైల్వే పనులకు వచ్చినవాళ్లుండే ఖరిదాలో తెలుగు మొగుడూ పెళ్లాలకు పడకపోతే వాళ్లను తీసుకొచ్చి సింహాచలమ్మ చాప మీద కూర్చోబెట్టేవారు. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన నూకయ్య భార్య ఆవిడ. ముందు గదిలో చాప పరిచి, మగాణ్ణి కుడివైపు, ఆడదాన్ని ఎడమవైపు పక్కపక్కనే కూర్చోమనేది. తాను ఎదురుగా పీట వేసుకుని ఇద్దరి మాటా వినేది. చివర ఒకే బెల్లం ముక్క చెరి సగం తినిపించి ఇంటికి పంపేది. అలా తను కలిపిన కాపురాలు ఇరవై పైమాటేనని చెప్పుకునేది. ఆ కాపురాలు తర్వాత ఎలా ఉన్నాయో ఎవరూ వెళ్లి చూడలేదు. ఆవిడా చూడలేదు.

ఆవిడకు తన కళ్ల మీద వల్లమాలిన నమ్మకం. కొట్టే మగాణ్ణి గుమ్మంలోనే పోల్చేస్తాననేది. తాగి తూలేవాడు, గొంతు చించుకునేవాడు, వాడే కొట్టేవాడు. దెబ్బలు తిన్న ఆడదానికి చెంపల మీదో జబ్బల మీదో ఆనవాళ్లుండాలి. ఈ రెండూ కనబడకపోతే ఆవిడ అనుమానం తిన్నగా ఆడదాని మీదికే పోయేది.

జగ్గారావు సంగతిలోనూ అలాగే పోయింది. అతను ఆ వర్క్‌షాపులోనే మెషిన్ షాపు పనివాడు, ముప్పై దాటలేదు. చుక్క ముట్టడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా రిక్షా తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. మూడు వారాల కిందట తానే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

“ఇది నాతో మాటాడ్డం మానేసింది పిన్నీ. నా తప్పేటో నువ్వే అడుగు,” అన్నాడు.

భార్య పేరు అప్పలకొండ. ఇరవై రెండేళ్లది, టెక్కలి నుంచి వచ్చి రెండేళ్లయింది. ఏది అడిగినా కుడిపక్కకు ఒకసారి చూసి, “అంతా బాగున్నాది అత్తా,” అంది. చెంపల మీద ఏమీ లేదు, జబ్బల మీద ఏమీ లేదు. మధ్యలో సింహాచలమ్మ కంట ఒకటి పడింది. పిల్ల చీర కుచ్చెళ్ల కిందికి మొగుడి పాదం వెళ్లి, ఆమె పాదం మీద ఉంది. నలుగురిలోనూ ఆగలేరు కామోసు ఈ కుర్రకారు, అనుకుంది. చూసి ముసిముసిగా నవ్వి, తల తిప్పుకుని బెల్లం తెచ్చింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న జగ్గారావు ఒక్కడే వచ్చాడు.

“సెప్పుకోడానికి సిగ్గేత్తంది పిన్నీ,” అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ. “నేను డూటీకెల్లినాక, పదకొండు గంటలకి తాళమేసి ఎటో పోతంది. అడిగితే బజారంటాది. తిరిగొచ్చినప్పుడు సేతిలో కూరాకుండదు.”

“ఎటెల్తంది?”

“నిమ్‌పురా పక్కకని ఎవులో సెప్పినారు. నేనే ఎంటపడితే బాగోదు. నువ్వు పెద్దదానివి. ఒక్కసారి సూసి సెప్పు. మంగళారం డూటీ దిగి వత్తాను.”

“తప్పేటైనా ఉంటే?”

జగ్గారావు టీ పూర్తిగా తాగి, గ్లాసు అడుగు జేబురుమాలుతో తుడిచి నేల మీద పెట్టాడు. “ఉంటే అది నా ఇంట్లో ఉండదు పిన్నీ. ఈ లోకంలోనే ఉండదు,” అన్నాడు. గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నాడు.

పౌరుషం గల కుర్రాడు, పాపం కడుపు మండి అన్నాడు, అనుకుంది సింహాచలమ్మ. లోపలి నుంచి నూకయ్య, “మనకెందుకే ఈ సీఐడీ పని,” అంటే, “నీకు తెల్దులే,” అని నోరు మూయించింది.

మంగళవారం పదకొండింటికి అప్పలకొండ తాళం వేసి అటూ ఇటూ చూసింది. ముసుగు లాక్కుని, చంకలో చిన్న మూట పెట్టుకుని బయల్దేరింది. సింహాచలమ్మ ఇరవై అడుగుల దూరంలో వెనకే నడిచింది. పిల్ల గోడల వారనే పోతోంది. నాలుగు అడుగులకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా, ఎవరైనా చూస్తున్నారేమోనని కనిపెడుతోంది దొంగపిల్ల, అనుకుంది ముసలావిడ. దోవ పొడుగునా ఆమె నడకలో దొంగతనం ఒక్కటే కనబడింది ఈవిడకు.

నిమ్‌పురాలో షెడ్డు దాటాక, క్వార్టర్ల వరసలో మూడో గుమ్మం దగ్గర పిల్ల ఆగి రెండుసార్లు తట్టింది. తలుపు సగమే తెరుచుకుంది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమెను పట్టుకుని లోపలికి లాక్కుంది. గడియ పడింది. బయట తాడు మీద మగాడి ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు ఆరుతున్నాయి.

సింహాచలమ్మ గుండె దడదడలాడింది. ఆ దడలో కొంచెం సంతోషం కూడా ఉంది, దాచడమెందుకు. నా కన్ను తప్పిపోదు, అనుకుంది. వెళ్లి తలుపు దబదబా బాదింది.

తలుపు తీసింది సూసన్న. రైల్వే వాళ్ల డిస్పెన్సరీలో కట్లు కట్టే మనిషి, రాత్రి డ్యూటీ చేసి పగలు ఇంట్లో ఉంటుంది. ఖాకీ బట్టలు ఆమె మొగుడు ఏలియావి. అతను యార్డులో పనికి పోయి ఉన్నాడు. గదిలో ముక్కాలిపీట మీద అప్పలకొండ కూర్చుని ఉంది. ఆమె కుడికాలు వేడినీళ్ల బేసిన్‌లో ఉంది. సింహాచలమ్మను చూసి చప్పున కాలు వెనక్కి లాక్కోబోయింది గాని, నొప్పికి లాక్కోలేకపోయింది. చంకన తెచ్చిన మూట విప్పి ఉంది, అందులో కట్టుకు చింపిన పాత చీర గుడ్డలు.

బొటనవేలి పక్క వేలు నల్లగా కమిలి రెండింతలు వాచింది. గోరు లేదు. వెండి మెట్టె కండలోకి దిగిపోయి, పైఅంచు ఒక్కటే కనబడుతోంది.

“ఆసుపత్రికి రమ్మంటే రాదు. మెట్టి కోసేద్దామంటే మొగుడుండగా తియ్యకూడదంటాది,” అంది సూసన్న. “ఇంకో వారం ఇలాగుంటే ఏలే పోతాది అక్కా.”

“ఏటి పడినాదే దీని మీద?” అని అడిగింది సింహాచలమ్మ.

అప్పలకొండ జవాబు చెప్పేముందు కుడిపక్కకు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఉత్త గోడ ఉంది.

ఆ చూపు సింహాచలమ్మకు తెలుసు. మూడు వారాల కిందట చాప మీద అడిగిన ప్రతిసారీ చూసింది ఆ చూపును. కుచ్చెళ్ల కింద పాదం గుర్తొచ్చింది. సూసన్నను కాసేపు పెరట్లోకి వెళ్లమని సైగ చేసి, తను పిల్ల ముందు నేల మీద చతికిలబడింది. ఇన్నేళ్లలో ఒక ఆడదాన్ని ఒంటరిగా అడగడం ఆవిడకు అదే మొదలు.

“ఇక్కడెవులూ నేరమ్మా. నువ్వు సెప్పినంతే వింటాను. సెప్పకపోయినా కోపం నేదు.”

అప్పలకొండ వాచిన వేలు చూపిస్తూ నోరు విప్పింది. “మొకం మీద కొట్టరత్తా. నలుగురూ సూత్తారు కదా. బూటు మడమెట్టి ఈ ఏలు మీద నిలబడతారు. అరిత్తే రెండో కాలు కూడా ఎత్తేసి బరువంతా దీని మీదే ఏత్తారు. ఆ దినం మీ ఇంటికాడ నువ్వు అడిగినప్పుడల్లా నొక్కినారు. కాలికి బూటు నేదు గాని, ముందు దినం దెబ్బ అక్కడే ఉన్నాది.”

“మరి నాకెందుకు సెప్పనేదే?”

“సెప్పేద్దామనే వచ్చినాను. నువ్వు కిందికి సూసినావు. సూసి నవ్వినావు. పెద్దోలందరికీ తెలిసిందే కామోసు, ఇదింతే కామోసు అనుకున్నాను.”

సింహాచలమ్మకు చచ్చేంత సిగ్గేసింది. తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. ఈ పిల్ల ఎక్కడికి పోతోందో కనిపెట్టి ఆ మొగుడికి చెబుతానని తనే మాటిచ్చింది. ఆ మాట వింటే వాడేం చేస్తాడో నవ్వుతూ చెప్పే పోయాడు.

“నీ తప్పు ఇసుమంత నేదు తల్లీ. తప్పు నీ మొగుడిది, ఆ తరవాత నాది,” అంది. “ఇప్పుడు నీకేటి సెయ్యాలనుంది?”

ఆ ప్రశ్న కొత్తగా తోచింది కాబోలు, అప్పలకొండ ఆవిడ మొహంలోకి చూసింది. “అమ్మ కాడికి ఎల్లాలనుంది,” అంది. కాలివేలు చూసుకుని, “మెట్టి కోసేయండి,” అంది.

సాయంత్రం డ్యూటీ దిగే సైరన్ మోగిన పావుగంటకు జగ్గారావు వచ్చాడు. అరుగు మీద సూసన్న, ఏలియా, ఏలియాతో పనిచేసే యార్డు మనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. అందరినీ పేరుపేరునా పలకరించి, బూట్లు విప్పుతూ గుమ్మం పక్కన భార్య చెప్పులు చూశాడు. లోపలికొచ్చి, గోడకు చేర్చి ఉన్న చాప తానే పరుచుకుని కుడివైపు కూర్చున్నాడు. ఎడమవైపు చేత్తో తట్టాడు.

“రమ్మను పిన్నీ. దాని ఎదురుగానే అడుగుదాం. ఎక్కడికెల్లిందో, ఎందుకెల్లిందో, నా పక్కన కూకుని సెప్పమను.”

లోపలి గది తలుపు వేసి ఉంది. దాని వెనక నూకయ్య రంపపు బ్లేడుతో మెల్లగా ఏదో కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఏటి సూసినావు పిన్నీ?” అన్నాడు జగ్గారావు.

“నీ కాలు సూసినాను.”

అతను పాదం వెనక్కి తీసుకున్నాడు. ఆ నవ్వు లేకుండా అతని మొహాన్ని ఆవిడ చూడడం అదే మొదటిసారి. ఏ మాత్రం తెలిసిన మొహంలా లేదు.

“మొగుడూ పెళ్లాల మద్దిన నువ్వెవులివి?” అన్నాడు.

“మూడు వారాల కిందట మీ మద్దిన నన్ను కూకోబెట్టింది నువ్వే. అప్పలకొండ రాదు. పొద్దున్నే ఆల్లమ్మ కాడికి తీసుకెల్తన్నాను. లే, సాప సుట్టేత్తాను.”

జగ్గారావు లేచి లోపలి తలుపు వైపు ఒక అడుగు వేశాడు. అరుగు మీద ఏలియా దగ్గాడు. జగ్గారావు ఆగి, వెనక్కి తిరిగి, బూట్లు తొడుక్కుని, మళ్లీ అందరినీ చూసి నవ్వి వెళ్లిపోయాడు. తెగిన మెట్టె లోపల గచ్చు మీద పడిన చప్పుడు వినబడింది.

పిల్లను టెక్కలిలో దించి శుక్రవారం తిరిగొచ్చింది సింహాచలమ్మ. దారిలో కన్ను మూతపడలేదు. తన చాప మీద కూర్చున్న ఆడవాళ్లంతా ఒకరి వెనక ఒకరు గుర్తొచ్చారు. శనివారం పదకొండింటికి, మగాళ్లంతా డ్యూటీలో ఉండగా, తొమ్మిదేళ్ల కిందట తను కలిపిన చిట్టెమ్మ ఇంటికి వెళ్లి తలుపు తట్టింది. చిట్టెమ్మ తలుపు తీసింది. ఒక్కతే ఉంది.

“ఎలాగున్నావే?” అని అడిగింది సింహాచలమ్మ.

చిట్టెమ్మ జవాబు చెప్పేముందు కుడిపక్కకు చూసింది.

సింహాచలమ్మ లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది.