మంగళవారపు కాటా

నేను ఒక కాటాను. కూరగాయలు తూచే జాతి కాదు మాది; నా పళ్ళెంలో పడుకున్నవాళ్ళంతా పసిపిల్లలే. ఇప్పుడు ఒక మ్యూజియంలో గాజు పెట్టెలో ఖాళీగా కూర్చున్నాను. బర్మింగ్‌హామ్‌లో నన్ను తయారుచేసినవాళ్ళు, పావు ఔన్సు కూడా తేడా రాదని ముద్ర వేసి పంపారు. ఆ ముద్ర చూసుకుని తెగ మిడిసిపడేదాన్ని. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే ఏడుపొస్తుంది.

1916లో ఉత్తర ఇంగ్లండులోని ఒక బట్టల మిల్లుల ఊరికి చేరాను. పసిపిల్లలు పిట్టల్లా రాలిపోతున్నారని అక్కడి మునిసిపాలిటీవారు చర్చి హాల్లో ప్రతి మంగళవారం తల్లీబిడ్డల కేంద్రం నడిపేవారు. మిస్ బార్లో అక్కడి నర్సు. మంచి మనిషే గానీ, గొంతు పెద్దది. ఏ బిడ్డ ఎంత పెరిగిందో హాలంతా వినబడేలా చదివేది. తగ్గితే మాత్రం తల్లిని తెర వెనక్కి పిలిచేది. తెర వెనక జరిగేదల్లా డాక్టరు చూడడం, పాలపొడి డబ్బా ఉచితంగా ఇవ్వడం. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు సిగ్గుపడి ఆ మాట ఎవరికీ చెప్పుకునేవారు కాదు. బల్లల మీద కూర్చున్నవాళ్ళేమో లోపల చీవాట్లు పెడతారని అనుకునేవారు. తెర కనబడితే చాలు, దాని వెనక మంచి జరుగుతుందని మనుషులకు ఎందుకో తోచదు.

మగ్గం నేసే ఎడిత్ కూడా అలాగే అనుకుంది. భర్త యుద్ధంలో ఉన్నాడు. మూణ్ణెల్ల కూతురు వినీని పొరుగింటి ముసలమ్మ దగ్గర వదిలి మిల్లుకు వెళ్ళేది. అక్కడ బిడ్డకు దక్కేవి నీళ్ళపాలు. బిడ్డ చిక్కిపోతోంది. ఆ సంగతి నా మీద తేలితే, మిల్లు కోసం పిల్లని మాడుస్తోందని పదిమందిలో అనిపించుకోవాలి. కేంద్రానికి రావడం మానేస్తే నర్సు ఇంటికే వస్తుంది. చలికాలం కనుక పిల్లల్ని పొట్టకు చుట్టిన ఉన్నిగుడ్డతోనే తూచి, గుడ్డకింత అని ఒక లెక్క కట్టి తీసేసేవారు. ఎడిత్ ఆ గుడ్డ మడతలో, మగ్గం దారాలకు వేలాడగట్టే సన్నటి సీసపు కడ్డీలు నాలుగు పెట్టి కుట్టింది. మరుసటి వారం ఇంకో నాలుగు. ఆ పై వారం ఇంకొన్ని. బిడ్డను ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే నా పళ్ళెంలో పడుకోబెట్టేది.

నేను తూచాను. సీసాన్ని సీసమని చెప్పే నోరు నాకు లేదు. ఎడిత్‌ని చూసి నేర్చుకోమని మిస్ బార్లో తల్లులందరికీ చెప్పింది. వినీ అప్పటికి ఏడవడం కూడా మానేసింది. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకున్నారు.

నాలుగో మంగళవారం, గుడ్డ తడిసిందని మిస్ బార్లో తనే విప్పింది. అది చేతికి బరువుగా తగిలింది. వట్టి ఒంటితో తూస్తే, బిడ్డ నెలనాటి కన్నా పది ఔన్సులు తక్కువ. ఆ అంకె ఆమె పైకి చదవలేదు. డాక్టరు పరుగున వచ్చాడు. రెండు డబ్బాల పాలపొడి ఎడిత్ సంచిలో పెట్టి పంపారు.

వినీ ఆదివారం పోయింది.

ఆ తర్వాతి మంగళవారం ఎడిత్ మళ్ళీ వచ్చింది. మూత తీయని డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, ఇంకో బిడ్డకు ఇవ్వమంది. ఆపైన అడిగింది:

"తగ్గిందని మొదట్లోనే తెలిసుంటే, అప్పుడే ఇచ్చేవారా నర్సమ్మా?"

మిస్ బార్లో అబద్ధం చెప్పాలని చూసింది. చేతకాలేదు.

"తగ్గిన పిల్లలకే ఇస్తామమ్మా."

ఎడిత్ తలూపింది. ఎప్పటిలాగే వెళ్ళి తల్లుల వరుసలో కూర్చుంది. ముందున్న పిల్లలందరినీ తూచేదాకా అలాగే ఉంది. తన వంతు రాగానే లేచి ఇంటికి వెళ్ళిపోయింది.