చిరునామా దొరకని మంచం

నేను ఒక నులక మంచం బొమ్మను. నా మీద ఇంతవరకూ ఎవరూ నడుం వాల్చలేదు. అడ్డంగా నలభై ఎనిమిది చుక్కలు, నిలువుగా నలభై ఎనిమిది చుక్కలు, అంతే నా ఒళ్లు. కంప్యూటర్ మనుషులు నన్ను ఐకాన్ అంటారు. తెర మీదో కాగితం మీదో నేను కనిపించినన్నాళ్లూ నన్నెవరూ తేరిపార చూడరు. చూపు పడీ పడకముందే వాళ్లకు కావలసింది అర్థమైపోతుంది, తమ దారిన వెళ్లిపోతారు. నేను కనిపించకుండా పోయిన ఇరవై రెండు రోజుల గురించి మాత్రం చాలామంది చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను చెప్పబోయేది ఆ రోజుల గురించే.

నేను పుట్టకముందు నా చోట నెలవంక ఉండేది. విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లు, జీడిపిక్కల బట్టీలు ఎక్కువగా ఉండే ఒక ఊరి ఆస్పత్రి కోసం ప్రోగ్రాం రాశారు. మాత్రల కవర్ల మీద అంటించే చీటీలను అచ్చువేయడం దాని పని. చదువు రాని వాళ్ల కోసం ఆ చీటీల మీద బొమ్మలుండేవి. ఉదయానికి కోడిపుంజు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి నెలవంక. ప్రోగ్రాం రాసిన వాళ్లలో అందరికన్నా చిన్నది హైమవతి. పల్లెటూరి బడిలో చదువుకుంది. మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ.

చీటీలు మొదలుపెట్టిన రోజు హైమ, ఆమె పైన పనిచేసే ఫణీంద్ర కలిసి ఆస్పత్రికి వెళ్లి మందులిచ్చే కిటికీ పక్కన నిలబడ్డారు. వరసలో పారమ్మ అనే ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్లు నల్లబడిపోయాయి. ఆమెకు మూర్ఛ. పొద్దుటికి ఒక మాత్ర, రాత్రికి వేరే మాత్ర, రెండు కవర్లు. రాత్రి కవరును దగ్గరగా పెట్టుకుని చూసింది.

"బాబూ, ఇదేటి?"

"సెందురుడు గదేటి పారమ్మా. సెందురుడొచ్చాక, పడుకునే ముందు ఏసుకోవాల," అన్నాడు మందులిచ్చే సన్యాసిరావు.

పారమ్మ కవరు మీది బొమ్మను వేలితో చూపించింది. "మరి అమాసనాడు?"

"అమాసనాడేటి?"

"అమాసనాడు సెందురుడు రాడు గదా. ఆ పూట మాత్ర మానీమంటారేటి?"

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. "మబ్బేసినప్పుడు కూడా మానేస్తావేటి!" అని సన్యాసిరావు ఇంకో మాట కలిపాడు. ఫణీంద్ర కూడా నవ్వాడు. పారమ్మ వాళ్లతో పాటు తనూ ఓ చిన్న నవ్వు నవ్వి, కవర్లు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. హైమ ఆమె వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఆవిడ అడిగింది సబబే కదండీ. తప్పు బొమ్మది," అంది.

"అయితే మార్చెయ్యి," అన్నాడు ఫణీంద్ర కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మాట మీదే నేను పుట్టాను. చంద్రుడు వచ్చినా రాకపోయినా మనిషి పడుకుంటాడు కదా అనుకుంది హైమ. మర్నాడు పొద్దున్నే ఒక్కో చుక్కా పెడుతూ నన్ను గీసింది. ఫణీంద్ర వెనక నుంచి తొంగి చూసి, "ఏంటిది, నిచ్చెనా?" అన్నాడు. ఆమె కాళ్లు పొడుగు చేసింది. "ఇప్పుడు బెంచీలా ఉంది." తలవైపు ఒక తలగడ పెట్టింది. "ఆఁ, మంచం!" అన్నాడు. అప్పుడు నాకు పేరొచ్చింది. హైమ నన్ను తన డెస్క్‌టాప్ మీద 'కొత్త బొమ్మలు' అనే ఫోల్డర్‌లో పెట్టింది. తర్వాత సరైన చోట పెడదాంలే అనుకుంది.

ప్రోగ్రాం మా బొమ్మలను కడుపులో పెట్టుకుని తిరగదు. మా చిరునామాలు మాత్రం రాసి పెట్టుకుంటుంది. మాతో పని పడినప్పుడు ఆ చిరునామాకు వెళ్లి, ఫైలు తెరిచి, ఏ చుక్క నలుపో ఏ చుక్క తెలుపో చదువుకుని, అదే వరసలో పరుస్తుంది. కోడిపుంజు, సూర్యుడు ప్రోగ్రాంతో పాటు ప్రయాణించే ఫోల్డర్‌లో ఉండేవాళ్లు. అది ఏ ఊరు వెళితే వాళ్లూ ఆ ఊరు వెళ్లేవాళ్లు. నా చిరునామా అలాంటిది కాదు. హైమ కంప్యూటర్‌లో, హైమ పేరున్న ఫోల్డర్ లోపల, ఆమె డెస్క్‌టాప్ మీద, కొత్త బొమ్మలలో. అంత వివరంగా రాసింది కాబట్టి ప్రోగ్రాం పిలిచిన ప్రతిసారీ నేను పలికాను. హైమ పదిసార్లు అచ్చువేసి చూసుకుంది. పదిసార్లూ తలగడతో సహా వచ్చాను. రాత్రికి కొత్త బొమ్మ వస్తుందని సన్యాసిరావుకు ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం ప్రోగ్రాంను మూటగట్టి ఆస్పత్రి కంప్యూటర్‌కు ఇక్కడి నుంచే పంపించారు. కోడిపుంజు వెళ్లింది, సూర్యుడు వెళ్లాడు. నేను ఉండిపోయాను. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

అక్కడ జరిగింది నేను తర్వాత విన్నాను. ఆస్పత్రి కంప్యూటర్ నా చిరునామా పట్టుకుని, హైమ పేరున్న ఫోల్డర్ కోసం వెతికిందట. అక్కడ హైమ ఎవరు? ఫైలు దొరక్కపోతే యంత్రం ఊరుకోదు. ఒక ఖాళీ చతురస్రం గీసి, దాని మీద మూల నుంచి మూలకు రెండు గీతలు కొడుతుంది. కంప్యూటర్ మనుషుల్లో దానికి 'బొమ్మ దొరకలేదు' అని అర్థం. మిగతా లోకంలో దాని అర్థం వేరు.

సన్యాసిరావు ఆ చీటీ చూసి, కొత్త బొమ్మ ఇదే కాబోలు అనుకున్నాడు. పట్నం వాళ్ల ఆలోచనలు తనకెందుకని దాన్నే కవర్లకు అంటించాడు. అడిగిన వాళ్లకల్లా "ఇది రాత్రికి" అని నోటితో చెప్పాడు. జ్వరాల రోజులు కావడంతో వరస గేటు దాకా ఉండేది. మొదటిసారి ఇచ్చిన మాత్రలు అయిపోయాక పారమ్మ మళ్లీ వరసలో వచ్చింది. కవరు మీది గీతలను చూసింది. ఏమీ అడగలేదు. తీసుకుని వెళ్లిపోయింది.

ఇరవై రెండో రోజు పదకొండు గంటలప్పుడు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. సన్యాసిరావు గొంతు గది అంతా వినిపించింది.

"మేడం గారూ, రాత్రికి మీరు ఏటి బొమ్మ ఏసినారు?"

"మంచం అండీ," అంది హైమ.

"మంచమేటమ్మా! ఇక్కడ డబ్బా గీసి కొట్టేసినట్టుంది. కొత్త బొమ్మ అదేననుకున్నాను నాను. పారమ్మ లేదూ, అమాసనాడేటని అడిగినామె? నిన్న బట్టీకాడ పడిపోనాది. పిక్కలు ఏపే కాగు మీద పడి సెయ్యంతా కాలిపోనాది. రాత్రి మందు ఏసుకోలేదేటని డాక్టరు గారు అడిగితే, ఏసుకోవద్దని మీరే గీత కొట్టినారు గదా అని కవరు సూపించినాది. ఒక్క మాత్రా తియ్యలేదు. మీ బొమ్మలింక నమ్మనని ఇప్పుడు పొద్దుటి మందు కూడా ముట్టుకోటం లేదు. డాక్టరు గారు సెప్పినా ఇనదు. మళ్లీ ఫిట్సొస్తే మనిషి దక్కదమ్మా."

ఫోన్ పెట్టేశాక హైమ ప్రోగ్రాం తెరిచి ఒక చీటీ అచ్చువేసింది. నేను వచ్చాను. నులక, తలగడ, నాలుగు కాళ్లు.

"ఇక్కడ బాగానే వస్తోంది కదా," అన్నాడు ఫణీంద్ర.

ఆ ఆఫీసులో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. అబద్ధం ఎవరూ ఆడరు. తమ బల్ల మీద కనిపించింది లోకమంతటా కనిపిస్తోందని మనుషులు మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఫణీంద్ర చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజు భయపడ్డాడు. "వాళ్ల కంప్యూటర్ పాతది, అందుకే రాలేదని చెబుదాం. సాయంత్రానికల్లా సరిచేసి పంపేద్దాం," అన్నాడు.

హైమ ప్రోగ్రాంలో నా చిరునామా రాసిన లైను తెరిచింది. దాని మధ్యలో తన పేరు ఉంది. ఆమె వేలు తెర మీద, ఆ పేరు మీద ఆగిపోయింది.

"వాళ్ల కంప్యూటర్ తప్పేమీ లేదండీ. నేను దీన్ని ఇక్కడే వదిలేశాను."

"అది ఎవరికి తెలుస్తుంది హైమా?"

"ఆవిడ మళ్లీ మందు వేసుకోవాలి కదండీ. కంప్యూటర్ పాతదని చెబితే వేసుకుంటుందా?"

మర్నాడు పొద్దున్న బస్సులో హైమ ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో మూతపడి నేను మొదటిసారి ఊరు దాటాను. దారి పొడుగునా ఆమె చేతులు ల్యాప్‌టాప్ మీదే ఉన్నాయి.

ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం మీద పారమ్మ కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. సన్యాసిరావు హైమను తీసుకొచ్చి పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా హైమ కూర్చోలేదు.

"అమ్మా, మీ కవరు మీద నేను గీసిన బొమ్మ రావాలి. దాన్ని పంపించడం మర్చిపోయాను. బొమ్మ దొరక్కపోతే మెషీన్ అలా గీతలు కొడుతుంది. మందు వేసుకోవద్దని కాదమ్మా. తప్పు నాది."

పారమ్మ ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. "నువ్వేనేటి గీసింది? సిన్న గుంటవి, బడికెళ్లే పిల్లలాగున్నావు." తర్వాత మెల్లగా చెప్పింది. "నానేటనుకున్నానో తెలుసా పాపా? అమాసనాడేటని అడిగాను గదా, దానికి జవాబు రాసినారనుకున్నాను. సెందురుణ్ని తీసేసి గీత కొట్టినారు. రాత్రి మందు మరొద్దన్నారు కాబోలనుకున్నాను."

"ఒక్కసారి నన్నడిగితే పోయేది గదా పారమ్మా!" అన్నాడు సన్యాసిరావు.

"ఏటడగమంటావు? ఆ పాలి అడిగితే అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు."

సన్యాసిరావు చేతిలోని కవర్లను అటూ ఇటూ తిప్పాడు.

హైమ ల్యాప్‌టాప్ తెరిచి నన్ను పెద్దది చేసి చూపించింది. అప్పటిదాకా ఎవరూ చూడనంత సేపు పారమ్మ నన్ను చూసింది. కాలని చేతి వేలితో నా మీద తడిమింది.

"మంచమే. బాగున్నాది. కాళ్లకాడ బిగించే తాడేదీ?"

"తాడా?"

"నులకంతా ఇలాగ సివరికంటా అల్లేస్తే ఎలాగ? కాళ్ల పక్క కూసింత జాగా ఒగ్గాల. అక్కడ తాడు ఏసి లాగాల. నేకపోతే నాలుగు రోజులకి ఉయ్యాలైపోద్ది. ఎప్పుడూ నులక బిగించలేదేటి నువ్వు?"

"లేదమ్మా."

"మరేటి గీస్తావు!"

పక్క మంచం మీది ముసలామె కిసుక్కుమంది. హైమ అక్కడే నేల మీద కూర్చుని, పారమ్మ చెబుతుంటే నాకు ఒక నకలు తీసి, దాని కాళ్లవైపు చుక్కలు చెరిపి, ఏడు తాళ్లు వేసింది. పారమ్మ రెండుసార్లు కాదంది. మూడోసారి చూసి, "ఇప్పుడు దీని మీద నడుం వాల్చొచ్చు," అంది. తర్వాత ఎడమ చెయ్యి సన్యాసిరావు వైపు చాపింది. "ఇలాగియ్యి ఆ కవరు. ఈ పూట నుంచి ఏసుకుంటాను."

హైమ మూత దించబోయి ఆగింది. ఆమె కన్నీటి చుక్క ఒకటి తెర మీద, సరిగ్గా ఆ కొత్త మంచం తలగడ మీద పడింది. పమిట చెంగుతో తుడిచేసింది.

ఆఫీసుకు వచ్చాక రెండు పనులు చేసింది. తాళ్లు వేసిన మంచాన్ని ఈసారి ప్రోగ్రాం లోపలే పెట్టింది. ఇక అది ఏ ఊరు వెళ్లినా వదలడానికి లేదు. రెండోది, బొమ్మ దొరక్కపోతే చీటీ అచ్చే కాకుండా చేసింది. ప్రోగ్రాం ఆగిపోయి, ఎందుకు ఆగిందో తెలుగులో చెబుతుంది. "మందుల కిటికీ దగ్గర వరస ఆగిపోతుంది కదా," అన్నాడు ఫణీంద్ర. "ఆగనివ్వండి," అంది హైమ. ఆ నెల నుంచి కొత్త చీటీ ఏది పంపినా, ముందు ఫణీంద్ర తనే బస్సెక్కి వెళ్లి ఆస్పత్రి యంత్రం మీద చూసి వచ్చేవాడు.

రెండు నెలల తర్వాత సన్యాసిరావు ఫోన్ చేశాడు. "మేడం గారూ, పారమ్మ వచ్చినాది. మీకో ప్రశ్న సెప్పమంది."

హైమ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఏమిటండీ?"

"ఉక్కపోతని గుమ్మంలో సాప మీద పడుకుంటందట. మంచం మీద పడుకోని పూట మాత్ర ఏసుకోవాలా మానీయాలా అని అడుగుతంది."

గదిలో ఒక్కరు కూడా నవ్వలేదు. హైమ పుస్తకం దగ్గరికి లాక్కుంది. "వేసుకోవాలండీ. ఎక్కడ పడుకున్నా వేసుకోవాలి. అడిగినందుకు చాలా సంతోషమని చెప్పండి," అంది. ఆ ప్రశ్నను తన పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది.

ఇదంతా జరిగి ఏడేళ్లు. ఆ ఆస్పత్రికి ఇప్పుడు వేరే ప్రోగ్రాం వచ్చింది, బొమ్మలూ మారాయి. కోడిపుంజు, సూర్యుడు, తాళ్లు వేసిన మంచం 'పాతవి' అనే ఫోల్డర్‌లోకి చేరారు. నేను మాత్రం వాళ్లలో లేను. నేను మొదటి మంచాన్ని, తాళ్లు లేనిదాన్ని. హైమ మూడు కంప్యూటర్లు మార్చింది. మార్చిన ప్రతిసారీ డెస్క్‌టాప్ మీద అదే పేరుతో ఫోల్డర్ పెట్టి నన్ను అందులో ఉంచింది. ఏ ప్రోగ్రాంకూ నా చిరునామా ఇవ్వలేదు.

మొన్న కొత్తగా చేరిన ఒక అమ్మాయి హైమ పక్కన కూర్చుని పని నేర్చుకుంటూ నన్ను చూసింది.

"ఈ మంచం ఎందుకు మేడం? ఎక్కడా వాడినట్టు లేదే."

"అది ఒకసారి ఇక్కడే ఉండిపోయింది," అంది హైమ.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నవ్వబోయి, హైమ ముఖం చూసి ఆగింది. వెర్రి ప్రశ్న అవుతుందేమోనని కాసేపు తటపటాయించి, చివరికి అడిగేసింది.

"అంటే ఏంటి మేడం?"

హైమ చేస్తున్న పని ఆపేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, నన్ను తెర నిండా పెద్దది చేసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.