కారం అంటిన తువ్వాలు

ఉదయ్ కుమార్‌కి నోరు లేదని ఎవరైనా అంటే గుంటూరు బ్రాడీపేటలో అతను పనిచేసే చీరల కొట్టుకి వచ్చే ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వుతారు. చీరాల నేతగాళ్ల ఇంట పుట్టినవాడు. ఫోన్ ముందు నిలబడి, చీర భుజాన వేసుకుని లైవ్ మొదలెట్టాడంటే చూసేవాళ్ల ఇళ్లలో కూరలు మాడిపోవలసిందే. అలాంటివాడికి ఎదురు వాటాలో ఉండే ఆశ్రిత కనబడితే చాలు, నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. ఇప్పుడా అమ్మాయికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రమే రైలు. ఆమె బండెక్కేలోగా మనసులో మాట చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేడని అతనికి తెలుసు, స్నేహితులకి తెలుసు, మెట్ల కింద పడుకునే కుక్కకి కూడా తెలుసు. ఆశ్రితకి మాత్రం తెలియదని అందరూ అనుకుంటున్నారు.

పేరమ్మగారి మేడ మీద రెండు వాటాలు, తలుపులు ఎదురెదురు. ఒకదాంట్లో ఉదయ్, బైకుల షెడ్డులో పనిచేసే కోటి. రెండోదాంట్లో లెక్చరర్ ఆశ్రిత, నర్సు మాధవీలత. పేరుకి రెండు వాటాలే గానీ ఎవరి పెరుగు ఎవరి ఫ్రిజ్‌లో ఉందో, ఎవరి చార్జరు ఎవరి గోడకి వేలాడుతోందో దేవుడికే తెలియాలి.

ఆ ఇంట్లో అద్దెకుండాలంటే అడ్వాన్సు కంటే గట్టి షరతు ఒకటుంది. ఏడాది కారం పట్టించే రోజున అద్దెకున్నవాళ్లంతా డాబా మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీయాలి. జ్వరమన్నా వదలదు పేరమ్మగారు, ప్రయాణమన్నా వదలదు.

"మిల్లువాడు ఇవాళే తెమ్మన్నాడు, నన్నేం చెయ్యమంటావ్? ఆటో వచ్చేదాకా నాలుగు కాయలు తుంచమ్మా ఆశ్రితా. అక్కడ నీకు కారం ఎవరిస్తారు? నీ సీసా పంపిస్తాలే," అంది ఆవిడ.

ఇంతమందిలో ఇక చెప్పినట్టేనని ఉదయ్ డీలా పడ్డాడు గానీ కోటి మాత్రం ఎగిరి గంతేశాడు.

"ఒరేయ్, ఇంతకంటే మంచి అదను దొరకదు. అందరం డాబా మీదే ఉంటాం గదా. సమయం చూసి నేను దగ్గుతా. దగ్గగానే మాధవి 'అయ్యో, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయా' అని కిందికి పరిగెడుతుంది. పేరమ్మ పిన్నిగారిని ఏదో ఒకటి చెప్పి నేను దింపుతా. ఇక మీరిద్దరే. చెప్పెయ్!"

"సూపర్ ప్లానురా," అంది మాధవీలత.

ముగ్గురూ చేతులు కలుపుకున్నారు. ముగ్గురూ పుట్టిన దగ్గర్నుంచీ మిరప ఘాటు పీల్చి పెరిగినవాళ్లే. అయినా ఎండుమిరపకాయల గుట్ట ముందు దగ్గుని సైగగా పెట్టుకోకూడదన్న ఇంగితం ఒక్కరికైనా కలగలేదు.

డాబా మీద టార్పాలిన్ పరదా పరిచి, దాని మీద కాయలు గుట్టగా పోశారు. ఎండకి గలగలలాడుతున్నాయి. అందరూ చుట్టూ చేరి ఇంకా పట్టుమని పది కాయలు తుంచలేదు, పేరమ్మగారు ఖళ్లున దగ్గింది.

"అయ్యో, పాలు!" అని మాధవీలత ఒక్క ఉదుటున లేచి మెట్లు దిగిపోయింది.

కోటి నోరు తెరుచుకుని చూశాడు. కింద ఎంతసేపు నిలబడినా ఎవరూ రాకపోయేసరికి మాధవీలత మళ్లీ పైకి వచ్చింది.

"పొంగాయా?" అడిగింది పేరమ్మగారు.

"ఇంకా లేదండీ."

ఈసారి ఆశ్రిత దగ్గింది. మాధవీలత మళ్లీ "పాలు!" అని పరుగు. తిరిగొచ్చి రొప్పుతూ కూర్చుందో లేదో ఉదయ్‌కే దగ్గొచ్చింది. సైగ అందుకోవలసినవాడే సైగ చేస్తే ఏమనుకోవాలో తెలియక ఆ పిల్ల సగం లేచి, సగం కూర్చుని, చివరికి మళ్లీ పరిగెత్తింది.

"ఎన్ని గిన్నెల్లో పెట్టావే ఆ పాలు?" అంది పేరమ్మగారు, తుంచుతున్న కాయ ఆపి.

"చిన్న చిన్న గిన్నెలండీ."

ఆశ్రిత తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. కోటి అసలు దగ్గు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పొరపాటున దగ్గుతానేమోనని బిగబట్టి బిగబట్టి మొహం పండుమిరపకాయలా అయింది. తీరా సమయం వచ్చిందని దగ్గితే ఆ దగ్గు ఇక ఆగదే! వాడు దగ్గుతూనే ఉన్నాడు, కళ్లతో మాధవీలతని వేడుకుంటూనే ఉన్నాడు.

"నేను లేవను. నా మోకాళ్లు పోయాయి. పొంగితే పొంగనీ," అందామె.

అక్కడితో ప్లాను గంగలో కలిసింది. ఆటో వచ్చే వేళవుతోంది. ఉదయ్‌కి ఒళ్లంతా చెమటలు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే, తొడిమలు తీసిన ఆ చేత్తోనే నుదురూ కళ్లూ తుడుచుకున్నాడు.

గుంటూరులో పసిపిల్లలు కూడా చెయ్యని తప్పది. ఒక్క కేక వేశాడు. కోటి కంగారుగా తన భుజం మీది తువ్వాలు తీసి ఉదయ్ కళ్లు అద్ది, దాన్ని అతని భుజాన వేశాడు. పొద్దున్నుంచీ ఆ తువ్వాలుతోనే కోటి కాయలు మూటగట్టి మోశాడు. మంట రెట్టింపయింది. ఉదయ్ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారిపోతుంటే చుట్టూ తిరుగుతూ గంతులేస్తున్నాడు.

ఆశ్రిత అప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది. వాడి చెంపల మీద కన్నీళ్లు చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏడుస్తున్నావా ఉదయ్?" అంది, ఎన్నడూ లేనంత మెత్తగా. "నేను వెళ్తున్నాననా?"

కోటి వాడి డొక్కలో పొడిచాడు. మాధవీలత కాలు తొక్కింది. ఔనంటే చాలు, నాలుగేళ్ల పని ఒక్క మాటలో అయిపోతుంది. అన్నివిధాలా మంచి అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది.

"కాదు," అన్నాడు ఉదయ్. "కారం."

"ఓహో," అంది ఆశ్రిత. ఆ మెత్తదనం కాస్తా పోయింది. "సరే, నేను సామాను తెచ్చుకుంటా."

మెట్లు దిగిపోయింది. కోటి నెత్తి బాదుకున్నాడు. "నీ సొమ్మేం పోయిందిరా ఔనంటే!"

"మిరపకాయ పెట్టించిన కన్నీళ్లు చూపించి ఆ పిల్లని ఎలా ఆపమంటావురా?" అన్నాడు ఉదయ్ కళ్లు గట్టిగా మూసుకుని. "పెరుగేమైనా తెచ్చి చావండి ముందు."

ఇద్దరూ కిందికి పరిగెత్తారు. పేరమ్మగారు ఎప్పుడు లేచి వెళ్లిందో వాడు చూడలేదు, చూసే స్థితిలో లేడు. డాబా మీద గుడ్డివాడిలా ఒక్కడే కూర్చున్నాడు. కాసేపటికి అడుగుల చప్పుడు మెట్లెక్కి వచ్చి సరిగ్గా వాడి ముందు ఆగింది. ఉలుకూ పలుకూ లేదు. ఇంత మౌనంగా వచ్చి నిలబడేది ఆశ్రిత కాక ఇంకెవరు? కళ్లు కనబడకపోవడం ఎంత వరమో అప్పుడు తెలిసింది. ఎదురుగా ఆ మొహం లేదు, నాలుక దానంతటదే కదిలింది.

"మాట్లాడకు. నువ్వు మాట్లాడితే నాకు మాట రాదు. ఈ నీళ్లు కారానివే. కానీ నీకు ఉద్యోగం వచ్చిందన్న రోజు కొట్లో ఎర్ర చీర చూపిస్తూ పచ్చదని చెప్పా. నువ్వు కాఫీలో చక్కెర వేసుకోవని నేనూ మానేశా. విషంలా ఉంటుంది, అయినా తాగుతున్నా. పొద్దున్నే నీ తలుపు చప్పుడైతే గానీ నేను లేవను. రేపట్నుంచి ఎలా లేస్తానో తెలియట్లేదు. నువ్వంటే నాకు ప్రాణం. చేసుకుంటే నిన్నే చేసుకుంటా."

ఎదురుగా ముక్కు చీదిన చప్పుడు.

"అబ్బాయ్," అంది పేరమ్మగారు గద్గదంగా, "మీ బాబాయిగారు కాపరం చేసినన్నాళ్లూ ఇందులో ముక్క కూడా అన్లేదురా నాతో."

ఉదయ్‌కి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. మెట్ల దగ్గర కోటి కిసుక్కుమన్నాడు. ఒక కన్ను కాస్త తెరిచి చూస్తే, పెరుగు గిన్నె పట్టుకున్న పేరమ్మగారి వెనక మసగ్గా కోటి, మాధవీలత, వాళ్ల మధ్యలో చేతిసంచీతో ఆశ్రిత.

"ఇదిగో అమ్మాయ్," అంది పేరమ్మగారు. "ఈ మాటలు నీవి. అడ్రసు తప్పి నాకొచ్చాయి. తీసుకో."

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆశ్రిత దగ్గరికి వచ్చింది.

"నాలుగేళ్లూ ఆ చేదు కాఫీ తాగావా?"

"ఆఁ."

"ఇష్టం లేకుండానే?"

"కాఫీ అంటే ఇష్టం లేకుండానే."

ఆమె వాడి భుజం మీది తువ్వాలు లాగి, తన రెండు కళ్లూ శుభ్రంగా, తీరిగ్గా తుడుచుకుంది.

"అయ్యో, ఆ తువ్వాలు కాదు!" అని కోటి అరిచేసరికే ఆలస్యమైంది. ఆశ్రిత "అబ్బా!" అంటూ వాడి పక్కనే కూలబడింది. కన్నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

"ఈ కళ్లతో నేను రైలెక్కలేను పిన్నిగారూ. రేపెళ్తా. చేరాల్సింది ఎల్లుండి గదా."

"దానికి కారం ఉందని చెప్పేలోపే..." అన్నాడు ఉదయ్ కంగారుగా.

"తెలుసు," అంది ఆశ్రిత. గాల్లో తడుముకుని వాడి చెయ్యి పట్టుకుంది. "ఎప్పట్నుంచో ఏడవాలనుంది. నువ్వు నోరు తెరిస్తే గదా!"

పేరమ్మగారు డాబా అంచుకి వెళ్లి ఆటోని పొమ్మని చెయ్యి ఊపింది. వెనక్కి వచ్చి పెరుగు గిన్నె ఇద్దరి మధ్యా పెట్టింది. మాధవీలత వైపు తిరిగి, గొంతు సవరించుకుని, మిరపకాయలతో ఏమాత్రం సంబంధం లేని దగ్గొకటి గట్టిగా దగ్గింది.

"అయ్యో, పాలు!" అంది మాధవీలత, కోటి చొక్కా పట్టుకుని లాగుతూ.

ముగ్గురూ మెట్లు దిగిపోయారు.