రాయి కింద తడి

మా అన్న సెవేరోకి అబద్ధం చెప్పడం చేతకాదని ఊరంతా అనేవారు. నేనూ అనేదాన్ని. చేతకానివాడు ఒక్కసారి చెబితే ఎలా ఉంటుందో ఆ ఏడు మా చేలు చూశాయి.

ఖునుపాతా కొండ నెత్తిన లాపాజ్ పట్నం దొరలు కట్టుకున్న స్కీ క్లబ్బు ఉండేది. పాత లారీ ఇంజనుకు తాడు తగిలించారు. ఆ తాడుకి కొక్కెం వేసుకుని పైకెళ్ళడం, మంచు మీద జారుతూ కిందికి రావడం, ఇదీ వాళ్ళ ఆట. ఆ ఇంజను నడిపేవాడు మా అన్న. మా నాన్న పోయాక ఇంజను గది తాళంచెవి తన మెడలోకి వచ్చింది. జీతగాడికి చేనెందుకని తన వాటా పొలం కూడా నాకే వదిలేశాడు. మొగుడు పోయినదాన్ని, వద్దనలేదు.

లోకంలో మిగతా జనం చలికాలంలో స్కీలు కడతారట. మా దగ్గర చలికాలమంటే ఉత్త ఎండుగాలి. ఏమి కురిసినా వేసవిలోనే కురవాలి. మాకు వేసవి వచ్చే డిసెంబరులోనో జనవరిలోనో మబ్బు పడితే కింద చేలకి వాన, పైన కొండకి మంచు. ఒకే మబ్బు వాళ్ళకి ఆట, మాకు తిండి. కాబట్టి రాబోయే వేసవి ఎలా ఉంటుందన్న సంగతి వాళ్ళకీ కావాలి, మాకూ కావాలి.

అది చెప్పడానికి కొండ భుజం మీద మూడు రాళ్ళున్నాయి. నేలతల్లి నోరు తెరిచే ఆగస్టు ఒకటిన, పొద్దు పొడిచే వేళ వాటిని తిప్పి చూస్తారు. మొదటిది ముందు విత్తుకి, రెండోది నడిమి విత్తుకి, మూడోది వెనక విత్తుకి. ఏ రాయి కింద తడి ఉంటే ఆ విత్తుకి వాన. తిప్పే హక్కు మా ఇంటిది. మా తాత తిప్పాడు, నాన్న తిప్పాడు, ఆ తర్వాత అన్న. దొరలకి వాతావరణ ఆఫీసు ఉన్నా, సరదాకి మా రాళ్ళనీ అడిగేవారు.

నా చిన్నప్పుడు ఇంజను గది గుమ్మం దాకా మంచుగడ్డ ఉండేది. ఏటా కొంత కరుగుతూ పోయి, చివరికి కొండ నెత్తిన దుప్పటంత మిగిలింది. ఆ ఏడు రేడియో వాళ్ళు చలికాలం నుంచే మొదలుపెట్టారు, వేసవి ఎండిపోతుందని, ఎత్తు కొండల్లో మంచు పడదని. జూలైలో క్లబ్బు పెద్ద, ఇంజనీరు అర్మెంతా వచ్చి, ఈ వేసవి మంచు పడకపోతే ఇంజను తీసేయక తప్పదన్నాడట. మీ రాళ్ళేమంటాయో చూద్దాం అని భుజం కూడా తట్టాడట. అన్న ఆ రోజు మా ఇంటికొచ్చి, సూప్ గిన్నె ముందు పెట్టుకుని, తినకుండా ఆ తాళంచెవినే తుడుస్తూ కూర్చున్నాడు.

"ఇంజను పోతే నేనెవర్నే?" అన్నాడు.

అందరిలాగే వచ్చి దుంపలు తవ్వు అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

ఆగస్టు ఒకటిన దొరలు కార్లలో వచ్చారు. కెమెరాలు, సీసాలు, కొత్త టోపీలు. మేమంతా ఓ పక్కన నిలబడ్డాం. అన్న కోకా ఆకులు చల్లాడు, సారా ఒలికించాడు, మేం ఉన్నికి పెంచుకునే లామా జంతువు కొవ్వు వేసి పొగ పెట్టాడు. మొదటి రాయి తిప్పితే దుమ్ము. రెండోది తిప్పేసరికి నల్లటి మన్ను రాయికి అంటుకుని లేచింది. అంత తడి నేను పుట్టి ఎరగను. మూడోది మళ్ళీ దుమ్మే. ఇంజనీరు ఆ మన్నులో వేలు పెట్టి, ఆ వేలితోనే ఫొటో దిగాడు. మా పక్కింటి తోమసా కళ్ళు ఒత్తుకుంది. రేడియో వాళ్ళు ఇటొచ్చి చూస్తే మొహాలు ఎక్కడ పెట్టుకుంటారో అని మావాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. అన్న నా వైపు చూడలేదు. మనసు నిండిపోయి చూడలేకపోతున్నాడనుకున్నాను.

మామూలుగా విత్తనపు దుంపల్ని మూడు భాగాలు చేసి మూడుసార్లు వేస్తాం. ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని. ఆ ఏడు పెద్దలంతా ఒకే మాటన్నారు, నడిమి రాయి అంత గట్టిగా చెప్పాక భాగాలెందుకని. అందరూ అంతా నడిమి విత్తులోనే వేశారు. నేనూ వేశాను, నా వాటాలో, అన్న వాటాలో. తినడానికి దాచుకున్న మంచి దుంపల్ని కూడా నేలలో పెట్టాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు.

నవంబరు దాటేసరికి ఆకాశం తోమిన గిన్నెలా ఉంది. మొలకలు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే మాడాయి. ఆ రోజుల్లోనే ఓ లారీ కొండెక్కి, ఇంజనునీ తాడు చుట్టనీ వేసుకుని దిగింది. వెనకాలే అన్న నడిచి వచ్చాడు, తాళంచెవి మెడలోనే ఉంది. డ్రైవరు నీళ్ళకోసం తోమసా ఇంటి దగ్గర ఆగి, ఇంజను అమ్మే బేరం మార్చిలోనే, ఈస్టరు పండక్కి ముందే కుదిరిందని చెప్పాడు. అంటే ఆగస్టులో దొరలు అడగడానికి రాలేదు. కొండతో ఆఖరి ఫొటో దిగడానికి వచ్చారు.

ఊళ్ళో మాత్రం కొండకి కోపం వచ్చిందన్నారు. రాయి అబద్ధం చెప్పదు కాబట్టి తప్పు మనలోనే ఎవరిదో అన్నారు. చందాలు వేసుకుని లామాని కోయాలన్నారు. పోయినేడు మైల పడ్డ ఇల్లేదో, మొక్కు మరిచిన ఇల్లేదో అని ఒకరి గుమ్మంలోకి ఒకరు చూసుకోవడం మొదలైంది. నాకూ భయమేసింది. నడిమి రాయికి నాలుగు ఆకులు పెట్టి, తప్పేదైనా ఉంటే కాయమని అడుగుదామని ఒక్కదాన్నే పైకెళ్ళాను.

ఆకులు కింద పెడదామని రాయి ఎత్తాను. ఎండి పగిలిన మన్నులో దాల్చినచెక్క ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, పక్కనే రెండు లవంగాలు. మా కొండ మీద గడ్డే సరిగ్గా మొలవదు, దాల్చినచెక్కా! అది కింద కొట్లో దొరుకుతుంది, మా అన్న టీ కెటిల్లో ఉడుకుతుంది. ఆగస్టు చలిలో చన్నీళ్ళు పోస్తే తెల్లారేసరికి గడ్డకట్టి దొరికిపోతాడు. అందుకని తెల్లారబోతుండగా వేడి వేడి టీ తెచ్చి పోశాడు. ఆ చలిలో నాకు ఒళ్ళంతా మంట పుట్టింది.

ఇంజను గదిలో ఇంజను లేదు, బోల్టులు మాత్రం నేలలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. అన్న వాటి పక్కనే కూర్చుని టీ కాచుకుంటున్నాడు. ఆ ముక్కని తీసుకెళ్ళి ముందు పెట్టాను.

"ఇదేంటన్నా?"

కప్పులో టీ పోసి నా వైపు జరిపాడు. "దొరలకి చెప్పానే. మీక్కాదు."

"మేమూ అక్కడే నించున్నాం కదా."

"రేడియో రోజూ మొత్తుకుంటూనే ఉందిగా, ఎండ అని. మీరు దాన్నే వింటారనుకున్నా."

"రాయి తిప్పింది రేడియో కాదన్నా. నువ్వు."

తలొంచుకున్నాడు. "ఆ చేలో నా వాటా కూడా ఉంది చెల్లీ," అన్నాడు.

"అదీ మాడిందిలే," అన్నాను.

ఊళ్ళో చెప్తావా అని అడిగాడు. పోసిన టీ ముట్టకుండా వచ్చేశాను. నా తోడబుట్టినవాణ్ణి ఆ రోజు అసహ్యించుకున్నాను. ఫొటోలో నవ్విన ఆ దొరల్ని అంతకంటే ఎక్కువ అసహ్యించుకున్నాను. కానీ నోరు విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. లామాని కోశారు. నా వంతు చందా నేనూ ఇచ్చాను. వాన రాలేదు. అన్న ఎల్ ఆల్తో పట్నానికి ఇటుకల పనికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఊరంతా ఎప్పుడో చలికి గడ్డకట్టించి ఎండబెట్టి దాచిన చూన్యో దుంపలు నానబెట్టుకుని, నల్లగా ఉడకబెట్టుకుని గడిపింది.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. మా ఇంట్లో మిగిలింది నేనే కాబట్టి రాళ్ళు తిప్పమని నన్నడిగారు. దొరలు రాలేదు, కార్లు లేవు. దారిలో తాగడానికి నా చేతిలోనూ వేడి టీ కెటిల్ ఉంది. మొదటి రాయి కింద దుమ్ము. రెండో రాయి కింద దుమ్ము. మూడోదాని దగ్గర అందరి మొహాలూ చూశాను, ఆకలితో పీక్కుపోయి ఉన్నాయి. తిప్పాను. అక్కడా దుమ్మే. ఉన్నదున్నట్టు చెప్పాను, ఈ వేసవి కూడా ఎండే, దుంపలు దాచుకోండి, వేసేవి మూడు భాగాలు చేసుకోండి అని.

తోమసా శాలువా సర్దుకుంటూ నిట్టూర్చింది. "మీ అన్న చేతిలో ఏదో మహిమ ఉండేదే బసీలియా. ఆయన తిప్పితే తడి తగిలేది. నీది ఎండు చెయ్యి."

అందరూ అవునన్నట్టు తలలూపారు. నా శాలువా ముడిలో ఆ దాల్చినచెక్క అలాగే ఉంది. ముడి మీద చెయ్యి వేశాను, విప్పలేదు.

ఆ వారంలో నేను దుంపల్ని మూడు భాగాలు చేసుకుంటూ కూర్చున్నాను. మిగతావాళ్ళు చందాలు వేసుకుని, ఎల్ ఆల్తోలో ఉన్న మా అన్నకి బస్సు ఛార్జీ పంపారు, వచ్చి రాళ్ళు మళ్ళీ తిప్పమని.